వంటింటి కింద సముద్రం

మా ఇంట్లో భయపడే పని నాది. వంట ఒక్కోరోజు మా ఆయన చేస్తాడు, బట్టలు మావయ్య మడతపెడతారు, భయంలో మాత్రం ఎవరూ చెయ్యి కలపరు. గ్యాస్ కట్టేశామా, తలుపు గడియ పడిందా, మా అమ్మాయి బుజ్జి మెట్ల మీంచి దూకుతోందా, అన్నీ నేనే చూసుకోవాలి. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఎత్తైన భవనాల్లో తాళ్ళు పట్టుకుని వేలాడే మనిషికి ఇంటి సంగతులు ఏం భయమేస్తాయి? ఏం చెప్పినా "చూద్దాంలే" అంటాడు. పెళ్ళయిన కొత్తలోనే ఆయనకి చూద్దాంలే అని పేరు పెట్టేశాను. ఇప్పుడు ఆయనతో పనిచేసేవాళ్ళు కూడా అలాగే పిలుస్తున్నారు.

నేను పళ్ళు చేస్తాను. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే, అందులో ప్లాస్టర్ పోసి దవడ తయారుచేసుకుని, దాని మీద మైనంలో ఒక్కొక్క పన్నూ పేర్చి, పళ్ళ సెట్టు చేసి పంపిస్తాను. కింది అంతస్తులో ముందు గదే నా పనిగది. దాని వెనక వంటిల్లు, వంటింటి కింద సెల్లార్. ఊళ్ళో ముసలివాళ్ళు చాలామంది నేను చేసిన పళ్ళతోనే నవ్వుతున్నారు. వాళ్ళలో మా మావయ్య ఒకరు.

మావయ్య స్కూల్లో భూగోళం చెప్పి రిటైరయ్యారు. వీధిలో అందరికీ ఆయన గ్లోబు మాస్టారు. పై సెట్టు ఆయనకి మొదటిసారే కుదిరింది గానీ, కింది సెట్టుకి నా తల ప్రాణం తోకకొచ్చింది. దవడ ఎముక బాగా అరిగిపోయింది, ఏం చేసినా నిలిచేది కాదు. ఒక సెట్టు నొప్పి పుట్టించింది, ఒకటి మాట్లాడుతుంటే ఎగిరి పళ్ళెంలో పడింది. చేసిందే చేసి, రుద్దిందే రుద్ది, చివరికి ఒకటి కుదిరింది. ఆ రోజు ఆయన అద్దం ముందు నిలబడి, "పసిఫిక్ మహాసముద్రం" అని ఎన్నిసార్లు పలికారో! సకారం, ఫకారం స్పష్టంగా వచ్చేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆయనకి. నాకూ తిరిగాయి. అది కనపడకుండా గట్టిగా అన్నాను, "దీన్ని పోగొట్టారో, మళ్ళీ చెయ్యను మావయ్యా. ఇక జన్మంతా చప్పరించుకుంటూ కూర్చోవాల్సిందే."

నా మాటలు అలాగే ఉంటాయి. ఇంట్లో అందరూ వాటికి అలవాటుపడిపోయారనే అనుకునేదాన్ని.

ఇదంతా మొదలైంది ప్లంబర్ వల్ల. సెల్లార్‌లో ఒక మూల ఎప్పుడూ చెమ్మగా ఉంటోందని పిలిపిస్తే, అతను అక్కడ గచ్చు పగలగొట్టి, కింద పగిలిన పైపు మార్చాడు. పని ముగించి పైకొచ్చి నా బల్ల ముందు నిలబడి అరచెయ్యి చాపాడు.

"అమ్మా, మీ పన్ను ఒకటి కిందికి జారిపోయినట్టుంది. గచ్చు కింద మట్టిలో దొరికింది."

చూద్దును కదా, నా బొటనవేలంత పన్ను. నీలం కలిసిన నలుపు, నున్నగా మెరుస్తోంది. మూడు మూలల ఆకారం, అంచులకి సన్నని రంపపు పళ్ళు. "నేను ఇలాంటి పళ్ళు చేస్తే డాక్టర్లు నన్ను ఊళ్ళో ఉండనిస్తారా బాబూ?" అని నవ్వుతూ అంచు మీద వేలు పెట్టి లాగాను. చటుక్కున తెగింది. ఎన్ని లక్షల ఏళ్ళ కిందటిదో ఏమో, ఇంకా కోస్తోంది. వేలు నోట్లో పెట్టుకున్నాను. దేని నోట్లో ఉండేది ఇది?

మావయ్య దాన్ని రెండు చేతులా అందుకున్నారు.

"సొరచేప పన్ను! అమ్మాయ్, మన వంటింటి కింద సముద్రం ఉందే!"

సముద్రం చూడాలంటే మా ఊరి నుంచి రైలెక్కి ఒక రాత్రీ ఒక పగలూ పోవాలి. ఉద్యోగమంతా పిల్లలకి సముద్రాల గురించి చెప్పిన మనిషి, ఒకే ఒక్కసారి చూశారట, అదీ మా అత్తయ్య ఉన్న రోజుల్లో. అలాంటాయనకి సముద్రం ఇంట్లోకే నడిచొచ్చింది. ఆయన్ని ఇక ఎవరు ఆపగలరు?

మర్నాటి నుంచే సెల్లార్‌లోకి దిగడం మొదలుపెట్టారు. చేతిలో చిన్న గునపం, నెత్తికి దీపం, మెడలో తువ్వాలు. నా వంటింట్లో పిండి జల్లెడ మాయమైంది. బకెట్లకి బకెట్లు మట్టి పెరట్లోకి మోసి, తొట్టిలో కడిగి, జల్లెడ పట్టేవారు. బుజ్జి పక్కనే చతికిలబడి ఏరేది. దానికి ఏడేళ్ళు, అప్పుడే ముందు పళ్ళు ఊడాయి. మట్టి పనిలో ఆయనా పళ్ళు తీసేసేవారు. తాతా మనవరాలూ బోసినోళ్ళతో ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకుంటుంటే కోప్పడటానికి కూడా నోరొచ్చేది కాదు.

కోప్పడ్డాననుకోండి, అది వేరే సంగతి.

"ఇటు చూడు," అని ఒకరోజు నన్ను కిందికి తీసుకెళ్ళి తవ్విన గోడ చూపించారు. అడుగున బూడిదరంగు బంకమన్ను. పైన ఇసుక, దాని నిండా ఆల్చిప్పల ముక్కలు. రెంటికీ మధ్య జానెడు మందాన గులకరాళ్ళూ పళ్ళూ కలిసిన ఒక వరస. "ఇక్కడ లోతులేని సముద్రం ఉండేదమ్మా. ఏదో నది వచ్చి కలిసేది. ఈ బంకమన్ను అది తెచ్చిన బురద. తర్వాత అలల జోరు పెరిగింది. బురదనంతా అలలు కడుక్కుపోయాయి. కడిగితే పోనివి మిగిలాయి. నేను పెరట్లో చేస్తున్న పనే సముద్రం ఎప్పుడో ఇక్కడ చేసింది."

"అన్నీ పళ్ళేనా? మిగతా చేప ఏమైంది?"

"దానికి గట్టి ఎముకలుండవు. మన ముక్కు కొనలో ఉంటుందే, అలాంటి మెత్తటిది ఒళ్ళంతా. అది కుళ్ళిపోతుంది, పళ్ళు మిగులుతాయి. అవి కూడా జీవితమంతా ఊడుతూనే ఉంటాయి, వెనక నుంచి కొత్తవి వస్తూనే ఉంటాయి. నీలాంటి కోడలు అక్కర్లేదు దానికి." ఆ మాటకి ఆయనే పగలబడి నవ్వారు.

నేను నవ్వలేదు. ఆ వరసని పట్టుకుని ఆయన తవ్వుకుంటూ పోయిన దారి వంటింటి గోడ కిందికి వెళుతోంది. మనిషి బోర్లా పడుకుని పాకేంత సొరంగం. పాత మంచం కోళ్ళూ పలకలూ కోసి పైకప్పుకి ఊతంగా నిలబెట్టారు. నేను చూస్తుండగానే పై ఇసుక సన్నగా జారి ఆయన భుజం మీద పడింది. ఆయన దులుపుకున్నారు, అంతే.

"ఈ గోడ దేని మీద నిలబడుందో తెలుసా మావయ్యా?" అన్నాను.

"సముద్రం మీద," అన్నారు గర్వంగా.

మా ఆయనకి చెప్పాను. చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. "నాన్నకి అదొక్కటే కదా కాలక్షేపం. చూద్దాంలే," అన్నాడు.

నన్ను కూడా లోపలికి లాగిన సంగతి చెప్పకపోతే అన్యాయం. వానలు ఇంకా పడని ఒక మధ్యాహ్నం మావయ్య ఒక తువ్వాలు మూట తెచ్చి నా బల్ల మీద విప్పారు. "ఇవి వరసలో లేవమ్మాయ్. కింద బంకమన్నులో, అన్నీ ఒకే చోట, పక్కపక్కనే ఉన్నాయి."

ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకున్నాను. పళ్ళు చూసే కళ్ళు కదా నావి. ఇది కుడివైపుది, ఇది దానికి జత, ఎడమవైపుది. ఇవి నిటారుగా ఉన్నాయి, ముందువి. ఇవి పక్కకి వాలాయి, ఇవి దవడ చివరివి. అరుగుదల ఒకేలా ఉంది, రంగు ఒకేలా ఉంది. ఎక్కడెక్కడివో ఏరినవి కావు. అన్నీ ఒకే నోటివి! ఒక చేప చచ్చి, బురదలో మెల్లగా కూరుకుపోయి, పళ్ళు చెదరకుండా ఉండిపోయిందన్నమాట. చేస్తున్న పని పక్కకి నెట్టి, పెద్ద పలక మీద మైనం కరిగించి పోసి, పై దవడ వంపు గీసి, వాటిని పేర్చడం మొదలుపెట్టాను. బుజ్జిని స్కూలు నుంచి తీసుకురావడం మర్చిపోయాను. పేర్చడం అయ్యాక చూస్తే ఆ నోట్లో మా బుజ్జి పడుకోవచ్చు. కళ్ళు తిప్పుకోలేకపోయాను.

"ఒక్కటి తక్కువైంది మావయ్యా," అన్నాను. "ఎడమవైపు, ముందు నుంచి రెండోది."

"ఉంటుంది. ఇంకాస్త లోపల ఉంటుంది."

"ఆ ఖాళీ చూస్తుంటే నాకు ప్రాణం పోతోంది."

అన్నాను కదా, ఆ మాట! పన్ను లేని సెట్టు బల్ల మీద ఉంటే నాకు అన్నం సయించదు, అది నా జబ్బు. ఆయన మళ్ళీ గునపం తీసుకుని కిందికి దిగారు.

ఆ వారంలోనే వంటింటి గోడ బీటవారింది. కిటికీ మూల నుంచి నేల దాకా, వెంట్రుకంత సన్నగా. ఈసారి ముగ్గుర్నీ నిలబెట్టి దులిపేశాను. చూద్దాంలే గోడ మీద అరచేత్తో కొట్టి, "పాత ఇల్లు, ఎండకి పగులుతుంది," అన్నాడు. అప్పుడు నాకొక ఉపాయం తోచింది. పగులుకి అడ్డంగా ప్లాస్టర్ పట్టీ వేస్తాను. గోడ కదిలితే పట్టీ విరుగుతుంది. పట్టీ విరిగిందా, తవ్వకం ఆపెయ్యాలి, గొయ్యి పూడ్చెయ్యాలి. మావయ్య బుద్ధిగా ఒప్పుకుని నా చేతిలో చెయ్యేశారు. 

వెళ్ళి నా దగ్గరున్న వాటిలో మేలురకం ప్లాస్టర్ కలిపాను. చిన్న చిన్న పళ్ళ అచ్చులకి వాడేది, ఆరాక గోరు కాదు, కత్తి పెట్టి గీసినా గీత పడదు. పట్టీ వేసి, నున్నగా రుద్ది, తేదీ కూడా చెక్కాను.

పొద్దున లేవగానే మొదటి పని అది చూడటం. పాలు పొయ్యి మీద పెట్టే ముందు చూసేదాన్ని, దీపం ఆర్పే ముందు చూసేదాన్ని. పట్టీ విరగలేదు. గీత కూడా లేదు. వానలు మొదలయ్యాయి, విరగలేదు. "నీ పట్టీనే చెబుతోందిగా!" అనేవారు మావయ్య. "నీ చేతిపనిని నువ్వే నమ్మవా?" అనేవాడు మా ఆయన. నోరు మూసుకోక ఏం చెయ్యను? అయినా వంటింట్లో నిలబడితే అరికాళ్ళకి ఏదో తెలిసేది. అలమర తలుపులు తమంతట తామే తెరుచుకునేవి. వేస్తే మళ్ళీ తెరుచుకునేవి. రాత్రి పడుకుంటే కింద ఎక్కడో నీళ్ళు పారుతున్నట్టు ఉండేది. చెబితే నవ్వుతారని చెప్పడం మానేశాను.

ఆ రోజు పొద్దుటి నుంచీ ముసురు. మావయ్య సెల్లార్‌లో ఉన్నారు. మా ఆయన పని నుంచి వచ్చి మేడ మీద పడుకున్నాడు. బుజ్జి వంటింట్లో బల్ల దగ్గర బొమ్మలు వేసుకుంటోంది. నేను ఒక దవడ అచ్చుకి అడుగు పోస్తున్నాను. పల్చటి ప్లాస్టర్ గిన్నెలో పోస్తే నీళ్ళలాగే తనంతట తాను మట్టంగా నిలుస్తుంది. గిన్నె అంచుకీ దానికీ మధ్య ఎడం చుట్టూ ఒకేలా ఉండాలి. లేదు. ఒక పక్క అంచు దాకా వచ్చింది, ఇంకో పక్క కిందికి ఉంది. గిన్నె వంకరేమోనని అటు ఇటు తిప్పి పెట్టాను.

ప్లాస్టర్ మళ్ళీ జరిగింది. మళ్ళీ వంటింటి వైపుకే.

ఇంకో గిన్నె తీసి పోశాను. అదీ వంటింటి వైపుకే. పరుగున వెళ్ళి పట్టీ చూశాను. ఎలా వేసింది అలాగే ఉంది, నున్నగా, తెల్లగా, తేదీతో సహా. అమ్మయ్య అనుకుని దాని మీద చెయ్యి వేశాను. పట్టీ కదిలింది. ఎడమ కొన గోడని వదిలేసి ఉంది! గోరు దూర్చి లాగితే మొత్తం నా చేతిలోకి వచ్చేసింది. దాని వెనక పగులులో నా చిటికెన వేలు దూరింది. లోపలి నుంచి చల్లటి గాలి వేలికి తగిలింది.

మామూలు ప్లాస్టర్ అయితే ఎప్పుడో విరిగి చెప్పేది. నేను పెట్టింది విరగడం చేతకాని సరుకు! గోడ కదిలితే అది ఒక పక్క పట్టు వదిలేసి ఊరుకుంది. విరగని పళ్ళు చెయ్యడమే తప్ప, విరగాల్సినదాన్ని ఎలా చెయ్యాలో నా బుర్రకి తట్టలేదు. ఇన్నాళ్ళూ చుట్టూ ఉన్న పగులుని వదిలేసి, దాన్నొక్కదాన్నే చూసుకుని అన్నం వండాను, పిల్లని ఇక్కడే కూర్చోబెట్టాను.

"బుజ్జీ, లే!" అని రెక్క పట్టుకుని లాగాను. అది బొమ్మ పూర్తికాలేదని ఏడుపు లంకించుకుంది. మెట్ల దగ్గర నిలబడి గొంతు చించుకుని అరిచాను. చూద్దాంలే కళ్ళు నులుముకుంటూ దిగి, వంటింటి గుమ్మంలో నిలబడి పగులు చూశాడు. ఏమంటాడో నాకు తెలుసు కదా, ఆ మాట కోసమే ఎదురుచూశాను. ఆ ఒక్కసారీ ఆ మాట అనలేదు. ఆయన మొహంలో రక్తం లేదు. నాకు అప్పుడు కలిగిన భయం అంతకుముందెప్పుడూ కలగలేదు.

"నాన్నా! పైకి రా!" అని సెల్లార్ మెట్ల మీంచి అరిచాడు. మావయ్య వచ్చారు. ఒళ్ళంతా బూడిదరంగు మట్టి. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "ఎన్నిసార్లు చెప్పాను? ఎన్నిసార్లు?" అని ఆయన మీద విరుచుకుపడ్డాను. బదులు చెప్పలేదు. తల దించుకుని, నోటి మీద తువ్వాలు తియ్యకుండా, మా వెంట నడిచారు. వీధి తలుపు బిగుసుకుపోయింది. మా ఆయన భుజంతో రెండుసార్లు గుద్దితే గానీ తెరుచుకోలేదు.

నలుగురం ఎదురింటి చూరు కింద నిలబడ్డాం. మా ఆయన ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేస్తూ, పక్కింటివాళ్ళని బయటికి రమ్మని తలుపులు బాదుతున్నాడు. నేను బుజ్జిని కరుచుకుని ఇంటి వైపే చూస్తున్నాను. ఇల్లు ఎప్పటిలాగే ఉంది. పొయ్యి కట్టేశానా అని ఆలోచిస్తున్నాను. వీధిలో గొడుగులు పోగయ్యాయి. మావయ్య వైపు తిరగనైనా తిరగలేదు, తిరిగితే ఏమంటానో అని.

బుజ్జి నా చెంగు లాగింది. "అమ్మా, తాతయ్య లోపలికెళ్ళాడు."

"ఏంటి?"

"తాతయ్య. ఇప్పుడే. లోపలికి."

ఆ పన్ను! ఆ ఒక్క పన్ను కోసం! ఎడమవైపు, ముందు నుంచి రెండోది. ప్రాణం పోతోందని నేనే అన్నాను. బుజ్జిని ఎవరి చేతిలో పెట్టానో గుర్తులేదు, మా ఆయన వెనక నుంచి అరుస్తున్నాడు, నేను గుమ్మం దాటేశాను. తలుపు మళ్ళీ బిగుసుకోకుండా పనిగదిలోంచి ప్లాస్టర్ బస్తా ఈడ్చి అడ్డం పెట్టాను. ఆ తెలివి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

గోడ పట్టుకుని సెల్లార్ మెట్లు దిగాను. అడుగున చీలమండ దాకా నీళ్ళు. సొరంగంలోంచి దీపం వెలుతురు కొద్దిగా వస్తోంది. దాని నోట్లోంచి ఆయన అరికాళ్ళు రెండూ బయటికి కనిపిస్తున్నాయి. మంచం కోళ్ళు టిక్కు టిక్కుమంటున్నాయి. ఇసుక చప్పుడు లేకుండా జారుతోంది, ఆగకుండా.

"మావయ్యా! వచ్చెయ్యండి! మీకు దణ్ణం పెడతాను, వచ్చెయ్యండి!"

లోపలి నుంచి ఏదో అన్నారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. ముద్ద ముద్దగా ఉంది మాట. నోట్లో మట్టి పడిందేమో, ఊపిరాడట్లేదేమో అని నాకు పిచ్చెత్తింది. నీళ్ళలో మోకాళ్ళ మీద పడి రెండు కాళ్ళూ పట్టుకుని లాగాను. ఆయన ఇంకా ముందుకి పాకాలని చూస్తున్నారు! నా మీద కాలు విదిలించారు కూడా. ఏడుస్తూ, తిడుతూ, పెళ్ళయినప్పటి నుంచీ అనని మాటలన్నీ అంటూ లాగాను. ఒక పలక ఫట్‌మని విరిగింది. ఇసుక ఒక్కసారిగా గుప్పుమని దీపం ఆరిపోయింది. చీకట్లో ఆ కాళ్ళు తప్ప నాకేమీ లేవు. చచ్చిపోతానని అనుకున్నాను. బుజ్జికి మిగతా ముందు పళ్ళు ఊడటం చూడనని అనుకున్నాను.

అప్పుడు ఆయన శరీరం ఒక్కసారిగా వదులైంది. వెతుకుతున్నది దొరికినట్టు. మట్టిలోంచి జారి నా ఒళ్ళోకి వచ్చారు. మెట్ల దగ్గర మా ఆయన చెయ్యి తగిలింది. ముగ్గురం ఎలా పైకెక్కామో, బస్తా మీంచి ఎలా దాటామో, వీధిలో వాన మొహాన కొట్టేదాకా నాకు స్పృహ లేదు.

వంటిల్లు వెంటనే కూలలేదు. మేము చూస్తుండగానే ఆ మూల మెల్లగా కిందికి కూర్చుంది. కిటికీ అద్దాలు పగిలాయి, గోడ లోపలికి మడతపడింది, దుమ్ము లేచి వానలో అణిగిపోయింది. దాంతోపాటు పనిగది వెనక గోడా కుంగి, నా బల్ల, దాని మీద మైనంలో పేర్చిన ఆ పళ్ళు, గిన్నెలు, అన్నీ బుజ్జి బొమ్మలతో పాటు ఆ గోతిలోకే జారిపోయాయి.

మావయ్య రోడ్డు మీద కూర్చుని దగ్గుతున్నారు. కుడి చెయ్యి పిడికిలి బిగించి గుండెకి అదుముకున్నారు. "ఇటివ్వండి! ఇటివ్వండి ఆ దిక్కుమాలిన పన్ను! మురుగుకాలవలో విసిరేస్తాను!" అని ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాను. గట్టిగా పట్టుకున్నారు, చివరికి వదిలారు.

అరచేతిలో ఉన్నది సొరచేప పన్ను కాదు. నేను చేసిన కింది సెట్టు. బూడిదరంగు బంకమన్ను మెత్తి ఉంది.

సెట్టు కింద ఇసుక చేరి చిగుళ్ళకి రాసుకుంటుందని సొరంగం లోపల తీసి పక్కన పెట్టుకున్నారట. మా ఆయన పిలిచిన కంగారులో మర్చిపోయి పైకొచ్చారు. అందుకే ఆ తువ్వాలు నోటి మీంచి తియ్యలేదు. అందుకే నేనెంత అరిచినా బదులు చెప్పలేదు.

"తిట్టకమ్మాయ్," అన్నారు నా మొహంలోకి చూస్తూ. పళ్ళు లేక మాట గాలిలో కలిసిపోతోంది, అయినా ప్రతి ముక్కా నాకు తెలిసింది. "పోగొడితే మళ్ళీ చెయ్యనన్నావు కదా."

ఆయన దవడ వణుకుతోంది. కూలిన గోడకి కాదు, మీద పడిన ఇసుకకి కాదు. మా ఇంట్లో భయపడేదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటూ ఇన్నాళ్ళూ బతికాను.

పక్కింటి పంపు కింద ఆ సెట్టుని కడిగాను. సందుల్లో మట్టి పోయేదాకా గోరుతో గీరి మళ్ళీ కడిగాను. ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డం పట్టుకుని, నోరు తెరిపించి, నా చేతులతోనే పెట్టాను.

"కూర్చుందా మావయ్యా?" అని అడిగాను.

ఆయన మెల్లగా నోరు మూసి, తల ఊపారు.